పాతతరం హెవీవెయిట్ బాక్సర్లు: ఏ పోరు ముందు చూడాలి, ఏ ప్రతిని ఎంచుకోవాలి

పాతతరం హెవీవెయిట్ బాక్సర్లను చూడాలనుకొనేవారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు చరిత్ర క్రమాన్ని పాటించి 1908లో చాంపియనైన జాక్ జాన్సన్‌తో మొదలుపెట్టి, ఇద్దరు మనుషులు ఒకరినొకరు పట్టుకొని రింగంతా తిరగడం తప్ప మరేమీ కనబడక కాసేపట్లోనే విసిగి ఆపేస్తారు. మరికొందరు 1919లో జాక్ డెంప్సీ మొదటి రౌండులోనే జెస్ విలార్డ్‌ను ఏడుసార్లు పడగొట్టిన దృశ్యం చూసి, ఆ తరువాత వచ్చిన బాక్సర్లెవరూ ఆయనకు సాటిరారని తీర్మానిస్తారు. తెరమీద కనబడేది బాక్సరు ఒక్కడే కాదని, ఆనాటి కెమెరా, ఫిల్ము, పోటీ నిబంధనలు కూడా అతనితోపాటు కనబడుతున్నాయని ఇద్దరూ మరచిపోతారు. కాబట్టి ఎవరు గొప్ప అన్న వాదనలోకి దిగేముందు, ఎవరి ఫుటేజి దేనికి పనికివస్తుందో, దొరికే ప్రతుల్లో ఏది నమ్మదగినదో తేల్చుకోవడం మేలు. నా సలహా ఏమిటంటే కాలక్రమాన్ని తిరగేసి చూడాలి: 1952 నాటి వాల్కాట్–మార్సియానో పోరుతో మొదలుపెట్టి, జో లూయిస్ మీదుగా జీన్ టనీ, డెంప్సీల దగ్గరికి వెళ్ళి, జాన్సన్‌ను చివరికి ఉంచుకోవాలి.

మూకీ, టాకీ, టెలివిజన్

దొరికే ఫుటేజి స్థూలంగా మూడు రకాలు. మొదటిది మూకీల కాలానిది. 1897 మార్చి 17న నెవాడాలోని కార్సన్ సిటీలో జేమ్స్ కార్బెట్, బాబ్ ఫిట్జ్‌సిమన్స్‌ల పోరును ఈనక్ రెక్టర్ చిత్రీకరించగా, గంటన్నరకు మించిన ఆ చిత్రంలో ఇప్పుడు మిగిలింది కొంత భాగమే. సినిమా చరిత్రలో దానికి పెద్ద స్థానమే ఉంది గాని, బాక్సింగ్ నేర్చుకొనే కంటికి అది పెద్దగా ఇచ్చేదేమీ లేదు. అసలు విషయం ఆ తరువాతి పాతికేళ్ళలో ఉంది. అప్పటి కెమెరాలను చేతితో తిప్పేవారు కనుక సెకనుకు ఇంచుమించు 16 ఫ్రేములు పడేవి. ఆ ఫిల్మును తరువాతి కాలపు 24 ఫ్రేముల వేగంతో నడిపితే మూడు నిమిషాల రౌండు రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది, బాక్సర్లు కీ ఇచ్చిన బొమ్మల్లా తుళ్ళుతూ కదులుతారు, గుద్దులు లేని వేగాన్ని తెచ్చుకుంటాయి, కాళ్ళ కదలికలోని నిదానమూ పొదుపూ మాయమవుతాయి. డెంప్సీ మెరుపువేగం గురించి చెప్పుకొనే మాటల్లో కొంత వాటా ఈ యంత్రానిదే. అయితే డెంప్సీ నిజంగానే వేగం కలవాడు. ఆ సంగతి సరైన వేగంలో నడిచే ప్రతిలో మరింత స్పష్టంగా తెలుస్తుంది.

మూకీ ఫుటేజిలో ఒక గొప్ప సౌకర్యం కూడా ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. కెమెరాను రింగుకు దూరంగా ఎత్తైన మంచెమీద కదలకుండా నిలిపేవారు కనుక ఇద్దరి పాదాలూ పోరంతటా కనబడుతూనే ఉంటాయి. ఇప్పటి టెలివిజన్ ప్రసారాల్లో కెమెరా ముఖాలమీదికి దూసుకుపోవడం వల్ల నడుము కిందిభాగం తరచు తెగిపోతుంది. గుద్దు పుట్టేది పాదాల దగ్గర కాబట్టి, నేర్చుకోవాలనే ఉద్దేశం ఉన్నవారికి ఆ మసక చిత్రమే ఒక్కోసారి ఎక్కువ చెబుతుంది.

ఈ కాలపు ప్రతులు ఇంత చిందరవందరగా ఉండటానికి వయసు ఒక్కటే కారణం కాదు. 1910లో నల్లజాతి చాంపియన్ జాన్సన్ తెల్లజాతి మాజీ చాంపియన్ జేమ్స్ జెఫ్రీస్‌ను ఓడించిన చిత్రాన్ని అమెరికాలోని అనేక ఊళ్ళలో నిషేధించారు. 1912లో అమెరికా కాంగ్రెస్ బాక్సింగ్ చిత్రాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడమే నేరమని చట్టం చేసింది. 1940 వరకు అమలులో ఉన్న ఆ చట్టం కింద ఫిల్ములు దొంగచాటుగా తిరిగాయి, ముక్కలయ్యాయి, ప్రతికి ప్రతి తీయగా తీయగా రూపు కోల్పోయాయి. డెంప్సీ కాలమంతా, లూయిస్ తొలి విజయాలతో సహా, ఆ చట్టపు నీడలోనే గడిచింది.

రెండవ రకం 1930, 40 దశకాల టాకీ ఫుటేజి. ఇందులో చలనవేగం సహజంగా ఉంటుంది, వెలుతురు బాగుంటుంది, వ్యాఖ్యానం ఉంటుంది. కాని థియేటర్లలో ప్రదర్శించే న్యూస్‌రీళ్ళ కోసం నిడివి కుదించడం వల్ల పడిపోయిన దృశ్యాలు మిగిలి, పడటానికి దారితీసిన రౌండ్లు ఎగిరిపోయాయి. వినబడే గుద్దుల చప్పుడులో కూడా చాలావరకు తరువాత కలిపినదే. మూడవ రకం 1950 దశకం తరువాతి టెలివిజన్ కాలానిది. ప్రసారమవుతున్న టీవీ తెరనే ఫిల్ము కెమెరాతో తీసి దాచిన ప్రతులు కొంత మసకగా ఉన్నా, మొదటి గంట మోత నుంచి చివరి గంట మోత దాకా పోరు కోతలు లేకుండా ఉంటుంది. కొత్తగా చూసేవారికి స్పష్టత కంటే ఈ నిరంతరత ముఖ్యం.

ప్రతిని ఎంచుకొనే పద్ధతి

ఒకే పోరుకు యూట్యూబ్‌లో అనేక ప్రతులు కనబడినప్పుడు మొదట చేయవలసిన పని ఒక రౌండును గంట మోత నుంచి గంట మోత వరకు గడియారంతో కొలవడం. కోత లేని రౌండు మూడు నిమిషాల కంటే బాగా ముందే ముగిసిపోతే ఆ ప్రతి వేగంగా నడుస్తోందని అర్థం. ప్లేయరులో వేగాన్ని 0.75కు తగ్గించుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. రెండవది, చిత్రం అడ్డంగా సాగిందేమో చూడాలి. పాత ఫిల్ము దాదాపు చదరంగా ఉంటుంది. దాన్ని ఇప్పటి వెడల్పాటి తెరకు సాగదీస్తే అసలే పొట్టిగా ఉండే మార్సియానో పీపాలా కనబడతాడు, ప్రత్యర్థి చేతుల పొడవు అంచనా తప్పుతుంది.

రంగులద్దిన ప్రతులకూ, కృత్రిమ మేధతో మధ్య ఫ్రేములను సృష్టించి సెకనుకు 60 ఫ్రేములు చేసిన ప్రతులకూ, తాకని నలుపు తెలుపు ప్రతికీ మధ్య ఎంచుకోవలసి వస్తే, నేను సందేహం లేకుండా మూడవదాన్నే ఎంచుకుంటాను. రంగు వల్ల పెద్ద నష్టం లేదు, మనిషికీ వెనకనున్న జనానికీ తేడా తెలియడానికి కొంత సాయపడుతుంది కూడా. అసలు చిక్కు మధ్య ఫ్రేములది: గుద్దు తగిలే క్షణం నిజమైన ఫిల్ములో రెండు మూడు ఫ్రేములకు మించదు, వాటి మధ్య యంత్రం ఊహించి గీసిన చెయ్యి ఎక్కడ తగిలిందో ఎవరూ చెప్పలేరు. కుడిచెయ్యి గడ్డానికి తగిలిందా చెంపకా అన్నది తేల్చుకోవడానికే పాత ఫుటేజి చూసేవారికి అది పనికిరాదు. వినోదంగా ఒకసారి చూడాలనుకొనేవారిని మాత్రం నేను అడ్డగించను.

నకిలీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. తొలి రోజుల్లో ఫిలడెల్ఫియాకు చెందిన సీగ్మండ్ లూబిన్ ప్రసిద్ధ పోరాటాలను వేరే మనుషులతో మళ్ళీ నటింపజేసి చిత్రాలు తీశాడు. అంతకంటే ఎక్కువమందిని మోసగించేది మార్సియానో, మహమ్మద్ అలీల పోరు. ఫలితాన్ని కంప్యూటరుతో లెక్కగట్టించామని ప్రకటించి, ఇద్దరినీ 1969లో కెమెరా ముందు నిలిపి రకరకాల ముగింపులు చిత్రీకరించి, మార్సియానో విమాన ప్రమాదంలో మరణించిన తరువాత 1970 జనవరిలో థియేటర్లలో వేశారు. అది పోటీ కాదు, చిత్రీకరణ మాత్రమే. ఇద్దరి బలాబలాలకు దాన్ని సాక్ష్యంగా చూపేవారి మాట పక్కన పెట్టవచ్చు.

మొదటి మెట్టు: వాల్కాట్–మార్సియానో, 1952

సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జరిగిన ఈ పోరును మొదటి స్థానంలో పెట్టడానికి కారణం ఇందులో రెండు విరుద్ధ శైలులు ఒకే తెరమీద, దాదాపు పదమూడు రౌండ్ల పాటు, స్పష్టంగా కనబడటం. చాంపియన్ జెర్సీ జో వాల్కాట్‌కు అప్పటికి 38 ఏళ్ళు. ప్రత్యర్థికి వీపు తిప్పి నడిచి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేసి, హఠాత్తుగా తిరిగి గుద్దే ఆయన విద్యను మొదటిసారి చూసేవారు ఇది పొరపాటున జరిగిందనుకుంటారు. మూడవసారి చూశాక అది ఉచ్చు అని తెలుస్తుంది. మార్సియానో 5 అడుగుల 10 అంగుళాల మనిషి, బరువు 84 కిలోలకు అటూ ఇటూ, చేతులు పొట్టి. మొదటి రౌండులోనే వాల్కాట్ చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే ఎడమ హుక్‌తో అతన్ని పడగొట్టాడు. వృత్తిలో మార్సియానో నేలకొరగడం అదే తొలిసారి. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి న్యాయనిర్ణేతలు ముగ్గురి లెక్కలోనూ వాల్కాట్ ముందంజలో ఉన్నాడు. పదమూడవ రౌండులో తాళ్ళ దగ్గర ఇద్దరూ ఒకేసారి కుడిచెయ్యి లేపగా, మార్సియానోది పొట్టిదారిన ముందు చేరింది. అక్కడ వేగం తగ్గించి చూడటం వృథా కాదు: గుద్దు ప్రయాణించిన దూరం చాలా తక్కువ, శరీరమంతా దాని వెనక ఉంది.

ఇదే మార్సియానోవి మరి రెండు పోరాటాలను దీనితో పోల్చి చూడవచ్చు. 1955 సెప్టెంబరులో ఆర్చీ మూర్‌తో జరిగినది చూడటానికి రంజుగా ఉంటుంది, రెండవ రౌండులో మార్సియానో పడతాడు, తొమ్మిదవ రౌండులో మూర్ లేవలేకపోతాడు. కాని బాక్సింగ్‌లోని ఓపికనూ బాధనూ తెలుసుకోవాలంటే 1954 జూన్‌లో ఎజర్డ్ చార్ల్స్ పదిహేను రౌండ్లూ నిలబడిన పోరే మెరుగు. మార్సియానో ఎదుట పదిహేను రౌండ్లు పూర్తిచేసిన ఏకైక బాక్సరు చార్ల్స్. నిజామాబాద్ నిఖత్ జరీన్ పోటీలు చూస్తూ మూడేసి నిమిషాల మూడు రౌండ్ల ఆటకు అలవాటుపడిన మన కంటికి, బలాన్ని దాచుకోవడం ఎంత పెద్ద విద్యో ఈ పోరు నేర్పుతుంది. ఓడిపోని బాక్సరుగా 49 గెలుపుల అంకె చుట్టూ తిరిగే మాటలు వినీ వినీ విసుగెత్తినవారు కూడా, ఆ గెలుపులు ఎంత ఖరీదైనవో ఇక్కడ చూడవచ్చు.

ఇంకాస్త ఆధునికంగా, భారీగా ఉన్నవారిని చూడాలనుకొనేవారు సన్నీ లిస్టన్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు. 1962లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను మొదటి రౌండులోనే ముగించిన పోరు ఎక్కువ ప్రసిద్ధమైనా, 1959లో మయామీలో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో జరిగిన మూడు రౌండ్లే మంచి ఎంపిక, ఎందుకంటే అక్కడ ఎదుటివాడు తిరిగి గట్టిగా కొడతాడు, లిస్టన్ చెయ్యి చాచి నేరుగా కొట్టే ఎడమ జాబ్ రోకటిపోటులా పడటం కనబడుతుంది.

జో లూయిస్: ఏ లూయిస్‌ను చూడాలి

1937 నుంచి 1949 వరకు చాంపియన్‌గా నిలిచి 25 సార్లు టైటిలును కాపాడుకొన్న లూయిస్ ఫుటేజి పాతతరంలో అందరికంటే సంపన్నమైనది. ఎంపిక కూడా అందుకే కష్టం. ఎవరినడిగినా ముందు చెప్పేది 1938 జూన్ 22న యాంకీ స్టేడియంలో జర్మన్ బాక్సరు మాక్స్ ష్మెలింగ్‌ను 124 సెకన్లలో పడగొట్టిన పోరు. నాజీ జర్మనీ నీడ దానిమీద ఉండటం వల్ల దాని చారిత్రక బరువు కాదనలేనిది. అయితే లూయిస్‌ను అర్థం చేసుకోవడానికి దాన్ని ఒంటరిగా చూడటం సరైన మార్గం కాదు. 1936లో పన్నెండవ రౌండులో ష్మెలింగ్ లూయిస్‌ను నాకౌట్ చేసిన పోరును ముందు చూడాలి. లూయిస్ జాబ్ వేసిన తరువాత ఎడమచేతిని కిందికి దించుతున్నాడని ష్మెలింగ్ గమనించి, ఆ సందులోంచి కుడిచేతిని పంపాడు. పోటీకి ముందు ఆయన లూయిస్ పోరాటాల ఫిల్ములు చూసి ఈ లోపాన్ని పట్టుకొన్నాడన్నది మన చర్చకు మరింత దగ్గరి విషయం. రెండేళ్ళ తరువాతి పోరులో ఆ ఎడమచెయ్యి ఎక్కడుందో చూడండి, తేడా తెలుస్తుంది.

జంటగా చూసే ఓపిక లేక ఒక్కటే కావాలనుకొనేవారికి 1941 జూన్ 18 నాటి బిల్లీ కాన్ పోరు చెబుతాను. కాన్ ఒక మెట్టు కింది బరువు తరగతి అయిన లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చినవాడు, లూయిస్ కంటే ఎంతో తేలిక. పన్నెండు రౌండ్ల తరువాత ఇద్దరు నిర్ణేతల లెక్కలో అతనే ముందున్నాడు, మూడవ లెక్క సమానం. పాయింట్లమీద గెలిచే పోరును పదమూడవ రౌండులో నాకౌట్‌తో గెలవాలనుకొని ఎదురునిలిచి ఓడిపోయాడు. ఇందులో లూయిస్ తడబాటు కనబడుతుంది, చివరి క్షణాల్లో ఆయన గుద్దుల పొట్టిదనం, వరుస, నిబ్బరం కూడా కనబడతాయి. గెలుపు తేలికగా వచ్చిన పోరాటాలకంటే ఇలాంటివే బాక్సరును ఎక్కువగా బయటపెడతాయని నా అభిప్రాయం.

1947 డిసెంబరులో వాల్కాట్‌తో జరిగిన పోరుకు వేరే ఉపయోగం ఉంది. లూయిస్ మొదటి, నాలుగవ రౌండ్లలో పడ్డాడు. అయినా ఇద్దరు న్యాయనిర్ణేతలు ఆయనకే ఇవ్వగా, రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ వాల్కాట్‌కు ఇచ్చాడు. నిర్ణయం ముందే తెలియని వారెవరైనా ఇంట్లో ఉంటే వారిని కూర్చోబెట్టి చూపించి, శబ్దం పూర్తిగా ఆపి, రౌండు రౌండుకూ మార్కులు వేయించడం మంచి అభ్యాసం. వ్యాఖ్యాత గొంతు మన తీర్పును ఎంతగా నడిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది.

డెంప్సీ, టనీ

1919 జూలై 4న టొలీడోలో డెంప్సీ బరువు సుమారు 85 కిలోలు, విలార్డ్‌ది 111 కిలోలు, ఎత్తు ఆరున్నర అడుగులు. కిందపడినవాడు లేచేవరకు పడగొట్టినవాడు దూరంగా మూలకు వెళ్ళాలన్న నిబంధన అప్పుడు లేదు, కాబట్టి విలార్డ్ మోకాళ్ళమీద నుంచి లేస్తుండగానే డెంప్సీ మీదపడి కొట్టాడు. ఏడు పతనాల లెక్కను ఆ దృష్టితో చూడాలి. మొదటి రౌండు ముగింపులో పోరు అయిపోయిందనుకొని డెంప్సీ రింగు దిగి వెళ్ళిపోగా వెనక్కి పిలవవలసి వచ్చింది. భీతి గొలిపే దృశ్యమే, కాని విలార్డ్‌కు 37 ఏళ్ళు, చురుకు లేదు. ఇది డెంప్సీ శక్తిని చూపుతుందేగాని విద్యను చూపదు. 1923లో అర్జెంటీనా బాక్సరు లూయిస్ ఫిర్పో డెంప్సీని తాళ్ళ మధ్యనుంచి రింగు బయటికి పంపిన పోరు నాలుగు నిమిషాలైనా పట్టలేదు; నాటకీయతలో దానికి మించినది లేదు, పాఠాలు మాత్రం తక్కువ.

అందువల్ల డెంప్సీని తూచడానికి నేను ఎంచుకొనేది ఆయన ఓడిన పోరు: 1927 సెప్టెంబరు 22న షికాగోలో టనీతో జరిగిన రెండవది. మూలకు వెళ్ళాలన్న నిబంధన ఇక్కడ ఉంది. ఏడవ రౌండులో వరుస గుద్దులతో టనీని పడగొట్టిన డెంప్సీ వెంటనే మూలకు వెళ్ళకపోవడంతో, రిఫరీ డేవ్ బారీ లెక్క (పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓటమే) ఆలస్యంగా మొదలుపెట్టాడు. టనీకి పదికి మించిన సెకన్లు దొరికాయి. ఆ సెకన్లను గడియారంతో కొలిచి వాదించుకొనేవారు నేటికీ ఉన్నారు, అయితే ప్రతి నడిచే వేగం సరిచూసుకోకుండా కొలిచిన లెక్కకు విలువ లేదు. వాదన వదిలి, లేచిన తరువాత టనీ ఏం చేశాడో చూడండి: గాభరా పడకుండా వెనకడుగు వేస్తూ, వలయంగా తిరుగుతూ, తరుముతున్న డెంప్సీ కాళ్ళకు పని పెడతాడు. ఎనిమిదవ రౌండులో టనీ డెంప్సీని కాసేపు పడగొట్టినప్పుడు రిఫరీ మూల సంగతి పట్టించుకోకుండా వెంటనే లెక్కపెట్టడం కూడా అక్కడే కనబడుతుంది.

కుర్రవాడిగా న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్‌లో శిక్షణ పొందిన మైక్ టైసన్, జిమ్ జేకబ్స్, బిల్ కేటన్‌ల ఫిల్ము సేకరణలో ఇలాంటివే రోజూ చూసి పెరిగాడు. మేజోళ్ళు లేకుండా నల్లని నిక్కరుతో రింగులోకి రావడం కూడా పాతతరం మీది భక్తితోనే. మన తెలుగు సినిమాలో ఆయన్ను చూసి అభిమానులైనవారు ఆ తల ఊపు, ఆ ఒంగి దూరే తీరు ఎక్కడివో డెంప్సీలో వెతుక్కోవచ్చు.

జాన్సన్, చివరిగా లాంగ్‌ఫర్డ్

జాన్సన్ దాడి కంటే ఆపడంలో నేర్పరి. ఎదుటివాడి గుద్దును పుట్టకముందే కుడి గ్లోవుతో పట్టి ఆపడం, దగ్గరికి వస్తే కండలమీద చేతులు వేసి బిగించడం, పట్టు వదిలే క్షణంలో కింది నుంచి అప్పర్‌కట్ ఇవ్వడం ఆయన పద్ధతి. 45 రౌండ్ల దాకా నిర్ణయించిన పోటీలు ఉన్న కాలంలో ఇది పిరికితనం కాదు, లెక్క. లూయిస్, టనీలను చూసి వచ్చిన కంటికి ఆ పట్టుకోవడంలో ఎవరు ఎవరిని మోస్తున్నారో, ఎవరు అలసిపోతున్నారో తెలుస్తుంది. ముందే చూస్తే తెలియదు.

ఆయన పోరాటాల్లో 1910 జూలై 4న నెవాడాలోని రీనోలో జెఫ్రీస్‌తో జరిగిన పోరు చరిత్రకు అవసరమైనా, ఆటను తూచడానికి పనికిరాదు, ఎందుకంటే జెఫ్రీస్ ఆరేళ్ళ విరామం తరువాత, ఎంతో బరువు తగ్గించుకొని వచ్చినవాడు. 1909లో స్టాన్లీ కెచెల్‌తో జరిగిన పోరు చివరి రౌండు కళ్ళు చెదిరేది: చిన్నవాడైన కెచెల్ జాన్సన్‌ను పడగొట్టడమూ, లేచిన జాన్సన్ అతన్ని ఒక్క ఊపులో నేలకు చదును చేయడమూ క్షణాల్లో జరుగుతాయి. అయితే ఫిల్ము కోసం మొదటి రౌండ్లను సాగదీశారన్న అనుమానం అప్పటినుంచీ ఉంది. కాబట్టి 1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్ నుంచి టైటిలు గెలిచిన పోరే నా ఎంపిక. పద్నాలుగవ రౌండులో పోలీసులు పోరు ఆపారు, ముగింపు ఫిల్ములో లేదు. ఆ పోరుకు నిర్వాహకుడైన హ్యూ మెకింటాషే రిఫరీ కూడా. రీనోలోనూ నిర్వాహకుడు టెక్స్ రిక్కర్డే ఆ పని చేశాడు, ఇప్పుడు ఊహించలేని ఏర్పాటు.

ఇంత చూశాక కూడా పాతతరం బేరీజు పూర్తికాదు. టనీని వృత్తిలో ఓడించిన ఒకే ఒక్క బాక్సరు హ్యారీ గ్రెబ్ పోటీల చిత్రం ఒక్కటీ దొరకలేదు, మిగిలింది సాధన దృశ్యాలే. వర్ణభేదం వల్ల టైటిలు పోరు దక్కని సామ్ లాంగ్‌ఫర్డ్‌వి 1910లో జిమ్ ఫ్లిన్‌తో, 1913 డిసెంబరులో ప్యారిస్‌లో జో జానెట్‌తో తలపడినప్పటి ముక్కలు ఉన్నాయి. జాన్సన్‌ను చూసిన వెంటనే ప్యారిస్ ముక్కనే ముందు ఎంచుకోండి. పొట్టిగా, వెడల్పైన భుజాలతో ఉన్న లాంగ్‌ఫర్డ్ దూరాన్ని తగ్గించుకొనే తీరును, జాన్సన్ దూరాన్ని కాపాడుకొనే తీరుతో అక్కడికక్కడే పోల్చుకోవచ్చు.